ఫోన్లో నెట్ బాగుంది, బోయింక్ మాత్రం నెట్ లేదంటోంది. పూర్తయిన ఆరు టాస్కులు ఇరుక్కుపోయాయి

బోధన్_ఫిజిక్స్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను బోధన్ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా అబ్బాయి చదువుకునేటప్పుడు కొన్న డెస్క్‌టాప్ ఒకటి ఇంట్లో ఉంది. వాడు హైదరాబాద్ వెళ్లిపోయాక దాన్ని ఊరికే పెట్టడం ఇష్టం లేక నాలుగేళ్లుగా బోయింక్ నడిపిస్తున్నాను, ఖాళీ కంప్యూటర్ చేత శాస్త్రవేత్తల లెక్కలు చేయించే ప్రోగ్రామ్ అది. అందులో పల్సర్ల లాంటి నక్షత్రాలను వెతికే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ప్రాజెక్టు ఒక్కటే. సాయంత్రం ఆన్ చేస్తాను, పొద్దున స్కూలుకు పోయేముందు ఆపేస్తాను. దాని మీద వేరే పనేమీ చేయం, మానిటర్ కూడా ఎప్పుడో తప్ప వేయను.

వారం రోజుల కింద గాలిదుమారం వచ్చి స్తంభాలు పడిపోయాయి. సాయంత్రం పోయిన కరెంటు మర్నాడు పొద్దునకు గానీ రాలేదు. యూపీఎస్ కూడా పూర్తిగా దిగిపోయింది. ఆ తర్వాత మిషన్ ఆన్ అయింది, లెక్కలు నడుస్తున్నాయి, శాతం పెరుగుతోంది. కానీ పూర్తయినవి ఒక్కటీ పోవడం లేదు. టాస్కుల పేజీలో ‘అప్‌లోడింగ్’ అని ఆరు నిలబడి ఉన్నాయి. ట్రాన్స్‌ఫర్స్ పేజీలో ‘రీట్రై ఇన్’ అని గంటలు లెక్కపెడుతుంది, సున్నాకు వస్తుంది, మళ్లీ ఇంకా పెద్ద అంకెతో మొదలవుతుంది. నోటీసుల్లో మాత్రం ఒకటే మాట: ‘బోయింక్ కాంట్ యాక్సెస్ ఇంటర్నెట్, చెక్ నెట్‌వర్క్ కనెక్షన్ ఆర్ ప్రాక్సీ కాన్ఫిగరేషన్’.

నేను చేసినవి చెబుతాను. రౌటర్ ఆపి వేశాను. లాన్ వైరు మార్చాను. ఫైర్‌వాల్ ఐదు నిమిషాలు ఆపి చూసి మళ్లీ పెట్టాను. ప్రాక్సీ (నెట్‌కు మధ్యలో నిలబడే సర్వర్) అంటే ఏమీ లేదు, ఆ గడులన్నీ ఖాళీగానే ఉన్నాయి. కేబుల్ నెట్ అబ్బాయి ఇంటికొచ్చి తన ఫోన్లో స్పీడ్ చూపించి లైన్ బ్రహ్మాండంగా ఉంది సార్ అన్నాడు. నిజమే, టీవీలో యూట్యూబ్ ఆగకుండా వస్తోంది. బజారులో షాపులో అడిగితే విండోస్ మళ్లీ వేయాలన్నారు. తెలిసినవాళ్లొకరు ‘రీసెట్ ప్రాజెక్ట్’ నొక్కితే పోతుందన్నారు. నాకు చెయ్యి రాలేదు, నొక్కలేదు.

ఈ ఆరింటి మీద నాకెందుకింత పట్టుదల అంటే, పదో తరగతి పిల్లలకు నేను ప్రతి ఏడూ ఒక సంగతి చెబుతాను. 2010లో అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఒక భార్యాభర్తల కంప్యూటర్, జర్మనీలో మైన్జ్‌లో ఇంకొకాయన కంప్యూటర్ చేసిన లెక్కల్లో ఒక కొత్త పల్సర్ దొరికింది. అరెసీబో రేడియో టెలిస్కోపు డేటా అది. సెకనుకు దాదాపు 41 సార్లు తన చుట్టూ తాను తిరిగే నక్షత్రం. ఇళ్లలో ఖాళీగా ఉన్న కంప్యూటర్లు పట్టుకున్నాయి దాన్ని. ‘మన సార్ కంప్యూటర్ కూడా అదే వెతుకుతోంది’ అని పిల్లలకు తెలుసు. సెలవుల్లో కూడా బజార్లో కనబడితే అడుగుతారు, సార్ నక్షత్రం దొరికిందా అని. ఇప్పుడు హింగోలి జిల్లాలో గురుత్వ తరంగాలను పట్టే లైగో ఇండియా కడుతున్నారు. మాకు నాందేడ్ పక్కనే, అది దాటితే హింగోలి. ఆ పేరు చెప్పినప్పుడల్లా క్లాసులో వెనక బెంచీ కూడా వింటుంది.

గడువు 14 రోజులు ఇస్తారు. నా లెక్క ప్రకారం మొదటిదానికి ఇంక ఐదు రోజులే ఉంది. అది దాటితే అదే పని వేరేవాళ్లకు పంపేస్తారు. దయచేసి దారి చెప్పండి. బోయింక్ వెర్షన్ 7.24.1, విండోస్ 10.

మెహిదీపట్నం_క్రంచర్

సర్వర్ డౌన్ అయ్యుంటది సార్. వీకెండ్ కదా. రెండు రోజులు ఆగండి, దానంతట అదే పోతది.

గాజువాక_ల్యాబ్

మాస్టారూ నమస్తే. ముందు ఒక మాట. రీసెట్ నొక్కనందుకు మీకు దణ్ణం పెట్టాలి. రీసెట్ అంటే ఆ ప్రాజెక్టుకు సంబంధించి మీ మిషన్‌లో ఉన్న టాస్కులన్నీ పారేసి మళ్లీ మొదలుపెట్టడం. పూర్తయి, పంపడానికి సిద్ధంగా ఉన్న ఆరూ దాంతోపాటే పోయేవి. ‘రిమూవ్’ అయినా అంతే. నెట్ సమస్యకు ఆ రెండు బటన్లూ మందు కాదు. ఎవరు చెప్పినా నొక్కకండి.

నేను గాజువాకలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. 2002 నుంచి ఈ పనిలో ఉన్నాను, అప్పుడు గ్రహాంతర జీవుల సంకేతాలు వెతికే సెటి ఎట్ హోమ్ ఉండేది. డయలప్ రోజులు. ఒక వర్క్ యూనిట్ 340 కేబీ చిల్లర. ఫోన్ లైన్ కలిపి, అది దించుకుని, వెంటనే లైన్ తీసేసేవాళ్లం. మిగతా లెక్కంతా నెట్ లేకుండానే నడిచేది. ఇప్పటికీ అంతే. లెక్కకు నెట్ అక్కర్లేదు, తెచ్చుకోవడానికీ ఇచ్చి రావడానికే కావాలి. అందుకే మీ మిషన్‌లో శాతం పెరుగుతూనే ఉంది, బయటికి మాత్రం పోవట్లేదు.

పైన సర్వర్ డౌన్ అన్నారు కదా, అది కాదనుకుంటున్నాను. ఎందుకంటే, బోయింక్ ప్రాజెక్టు సర్వర్‌తో మాట్లాడలేకపోతే ఊరుకోదు. ‘అటెంప్టింగ్ యాక్సెస్ టు రిఫరెన్స్ సైట్’ అని రాసి, వెంటనే వేరే ఒక సైట్ తలుపు తట్టి చూస్తుంది. మామూలుగా అది గూగుల్. ఆ తలుపు తెరుచుకుంటే ‘ఇంటర్నెట్ యాక్సెస్ ఓకే, ప్రాజెక్ట్ సర్వర్స్ మే బి టెంపరరిలీ డౌన్’ అంటుంది. అప్పుడు ఆగితే సరిపోతుంది. మీకు వచ్చింది రెండో మాట: ఆ తలుపూ తెరుచుకోలేదు. అంటే తేడా అవతల లేదు, మీ ఇంట్లోనే ఉంది. ఆగితే పోయేది కాదు.

కానీ నోటీసుల్లో కనబడేది ఆఖరి వాక్యం మాత్రమే. అసలు కారణం దానికి రెండు మూడు వరసల పైన ఉంటుంది. మేనేజర్ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, ఇ మూడూ కలిపి నొక్కండి. ఈవెంట్ లాగ్ వస్తుంది. ట్రాన్స్‌ఫర్స్‌లో ఒక ఫైలు మీద క్లిక్ చేసి ‘రీట్రై నౌ’ కొట్టి, లాగ్‌లో అప్పుడు పడే వరసలన్నీ ఇక్కడ టైపు చేయండి. ఎడమ చివర ఏముందో అక్కడి నుంచి, కుడి చివర దాకా. మధ్యలో ఏదీ వదలకండి. ‘కుడంట్ రిజాల్వ్ హోస్ట్ నేమ్’ అని ఉంటే డీఎన్ఎస్ గొడవ, అంటే సైట్ పేరును బట్టి దాని చిరునామా దొరకట్లేదని. ‘కుడంట్ కనెక్ట్ టు సర్వర్’ అని ఉంటే మధ్యలో ఎవరో ఆపుతున్నారు. సర్టిఫికెట్ అనే మాట ఉంటే కథ వేరు.

ఇంకొకటి. నెట్ బాగుందని చూసింది ఫోన్లో, టీవీలో. ఆ డెస్క్‌టాప్‌లోనే బ్రౌజర్ తెరిచి ఏదైనా సైట్‌కి వెళ్లారా?

బోధన్_ఫిజిక్స్

మేడమ్, ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. మీరడిగిన చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఆ మిషన్‌లో బ్రౌజర్ తెరవనేలేదు. ఇప్పుడు తెరిస్తే గూగుల్ కూడా రాలేదు, ఎర్రగా ఏదో హెచ్చరిక వచ్చింది. కంగారులో మూసేశాను.

లాగ్ చూసి రాస్తున్నాను. ఇంగ్లిష్ మాటలు తెలుగులో రాసినందుకు ఏమీ అనుకోవద్దు.

01-01-2015 00:21:07 | ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ | స్టార్టెడ్ అప్‌లోడ్ ఆఫ్ (ఫైలు పేరు చాలా పొడుగుంది)
01-01-2015 00:21:09 | | ప్రాజెక్ట్ కమ్యూనికేషన్ ఫెయిల్డ్: అటెంప్టింగ్ యాక్సెస్ టు రిఫరెన్స్ సైట్
01-01-2015 00:21:09 | ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ | టెంపరరిలీ ఫెయిల్డ్ అప్‌లోడ్: ట్రాన్సియెంట్ హెచ్‌టీటీపీ ఎర్రర్
01-01-2015 00:21:11 | | బోయింక్ కాంట్ యాక్సెస్ ఇంటర్నెట్

ఇంకా పైన, ఆన్ చేసిన కొత్తలో పడిన వరస ఒకటుంది: ‘షెడ్యూలర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్: ఎస్ఎస్ఎల్ పీర్ సర్టిఫికెట్ ఆర్ ఎస్ఎస్‌హెచ్ రిమోట్ కీ వాజ్ నాట్ ఓకే’. దానికి పైన ఇంకోటి: ‘న్యూ సిస్టమ్ టైమ్’ అని ఒక పెద్ద అంకె, దాని పక్కన ‘ఓల్డ్ సిస్టమ్ టైమ్’ అని అంతకన్నా పెద్ద అంకె, ‘క్లియరింగ్ టైమౌట్స్’.

టైపు చేస్తుంటే ఇప్పుడే కనబడింది. తేదీ. 2015 జనవరి ఒకటో తేదీ అంటోంది! ఆ మిషన్‌లో కింది పట్టీ దాచిపెట్టి ఉంటుంది, గడియారం కంటబడదు.

గాజువాక_ల్యాబ్

దొరికింది మాస్టారూ. ఎడమ చివర నుంచి రాయమన్నది అందుకే.

మీ మదర్‌బోర్డు మీద పాత రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కంప్యూటర్‌కు తేదీ, టైము గుర్తుండేది దానివల్ల. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, మిషన్ ఆపేసి ఉన్నా సరే, ఆ గడియారం కరెంటు మీదే నడిచిపోతుంది. అందుకే బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయినా మీకు తెలియలేదు. గాలివాన రాత్రి యూపీఎస్ కూడా దిగిపోయాక గడియారానికి దిక్కు లేకుండా పోయింది. కరెంటు వచ్చాక బోర్డు తయారైనప్పటి తేదీకో, దానికి పెట్టిన మొదటి తేదీకో వెళ్లిపోయింది. ఆ రాత్రి తర్వాత మీరు రోజూ స్విచ్ దగ్గరే ఆపేస్తున్నట్టున్నారు కాబట్టి ప్రతి సాయంత్రం మళ్లీ 2015 జనవరి ఒకటే మొదలవుతోంది.

దీనికీ నెట్‌కీ ఏం సంబంధం అంటారేమో. మీ మిషన్ సర్వర్ దగ్గరికి వెళ్లింది, సర్వర్ తన సర్టిఫికెట్ చూపించింది. దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుంది అని ఉంటుంది. 2015లో ఉన్నాననుకుంటున్న మిషన్‌కు అది ఇంకా పుట్టని కాగితం. నమ్మను పొమ్మని తలుపేసుకుంది. పరీక్షకని గూగుల్ దగ్గరికి వెళ్తే అక్కడా అదే తంతు. రెండు చోట్లా తలుపులు మూసుకున్నాయి కాబట్టి బోయింక్ నెట్ లేదని రాసేసింది. నెట్ ఉంది. వైరు బాగుంది. మీ కేబుల్ అబ్బాయి చెప్పింది నిజమే. ఫోన్ తన టైము టవర్ నుంచి తీసుకుంటుంది కనక దానికి ఈ బాధ లేదు.

విండోస్ తనంతట తాను టైము సరిచేసుకోదా అని కూడా అడుగుతారు, మా ల్యాబ్‌లో పిల్లలు అడుగుతారు. నిమిషాల తేడా అయితే చేసుకుంటుంది. ఇంట్లో వాడే మిషన్లలో తేడా 15 గంటలు దాటితే మామూలుగా నమ్మదు, ముట్టుకోదు. అంత తేడా ఉంటే మనమే చేత్తో పెట్టాలి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. తొందరపడి తేదీ మార్చేయకండి. పంపలేకపోతున్న ఫైలును బోయింక్ ఎల్లకాలం మోయదు, నెలల తరబడి పోకపోతే ఇక వదిలేస్తుంది. మీ ఫైళ్ల మొదటి ప్రయత్నం 2015లో జరిగినట్టు దాని పుస్తకంలో రాసి ఉంది. బోయింక్ నడుస్తుండగా తేదీ పదేళ్లు ముందుకు దూకి, ఆ వెంటనే ఒక్క ప్రయత్నం తప్పినా, పదేళ్లుగా పోని ఫైలు అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. కాబట్టి మొదటి ప్రయత్నమే నెగ్గేలా చూసుకుందాం.

ఫైల్ మెనూలో ‘ఎగ్జిట్ బోయింక్’ నొక్కండి. నడుస్తున్న టాస్కులు కూడా ఆపమంటారా అని అడిగితే ఆపమనండి. కిటికీ మూసేస్తే చాలదు, అది వెనకాల నడుస్తూనే ఉంటుంది. తర్వాత సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా అనే ఫోల్డర్, అది దాచిపెట్టి ఉంటుంది, పైన అడ్రసు గడిలో పేరు కొడితే తెరుచుకుంటుంది. అందులో బోయింక్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. మీ ఆరు ఫలితాలూ, మీ ఖాతా తాళమూ అన్నీ అందులోనే ఉన్నాయి. రేపు ఏది తిరగబడినా ఆ ఫోల్డర్ ఉంటే మళ్లీ నిలబెట్టుకోవచ్చు.

తర్వాత మిషన్ ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఓ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలింది కూడా దిగిపోతుంది. పక్క మూత తీస్తే బిళ్ల కనబడుతుంది. అంచున చిన్న ఇనప నాలుక ఉంటుంది, దాన్ని గోటితో పక్కకు నొక్కితే బిళ్ల తనే పైకి లేస్తుంది. సిఆర్ 2032 అని అడగండి, వాచీల షాపులో కూడా ఇస్తారు. ప్లస్ గుర్తు పైకి రావాలి. మూత వేశాక, ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ కొడుతూ సెటప్‌లోకి వెళ్లి తేదీ, టైము పెట్టండి. విండోస్ వచ్చాక టైమ్ జోన్ ఇండియాదేనా చూడండి.

అప్పుడే బోయింక్ తెరవకండి. ముందు అదే మిషన్‌లో బ్రౌజర్ తెరిచి ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ పేజీ రమ్మనండి. హెచ్చరిక లేకుండా శుభ్రంగా వస్తేనే బోయింక్ తెరవండి. ట్రాన్స్‌ఫర్స్‌లో అన్నిటినీ ఎంచి ‘రీట్రై నౌ’. అవి ఖాళీ అయ్యాక ప్రాజెక్ట్స్ పేజీలో ‘అప్‌డేట్’. ఫైలు చేరడం ఒకటి, చేరిందని షెడ్యూలర్‌కు, అంటే పని పంచే సర్వర్‌కు, చెప్పడం ఇంకొకటి. ఆ రెండోది కూడా గడువులోపే జరగాలి.

హాస్టల్_312

అక్కా, మధ్యలో వస్తున్నందుకు సారీ. నాది బీటెక్ రెండో ఏడాది. నాకూ ఆ ఆఖరి వాక్యమే వస్తోంది. కానీ తేదీ కరెక్టే ఉంది. పైన ‘కుడంట్ కనెక్ట్ టు సర్వర్’ అని ఉంది. బ్రౌజర్‌లో మాత్రం అన్నీ వస్తున్నాయి. మా హాస్టల్లో నెట్ రావాలంటే రోజూ రోల్ నంబర్, పాస్‌వర్డ్ కొట్టాలి.

గాజువాక_ల్యాబ్

తమ్ముడూ, బ్రౌజర్‌లో వచ్చి బోయింక్‌లో రాకపోతే ముందు అనుమానించాల్సింది ప్రాక్సీనే. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ పేజీ చూడు. అక్కడ అడ్రసు, పోర్టు నంబరు ఉంటే అవే తెచ్చి బోయింక్‌లో ఆప్షన్స్, అదర్ ఆప్షన్స్, హెచ్‌టీటీపీ ప్రాక్సీ అనే చోట పెట్టు. అది యూజర్ పేరు కూడా అడిగే రకమైతే కింద ఆ గడులు కూడా ఉంటాయి.

అయినా పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ నొక్కు. పెద్ద జాబితా వస్తుంది. అందులో హెచ్‌టీటీపీ డీబగ్ ఒక్కటే టిక్ పెట్టి మళ్లీ ప్రయత్నించు. లాగ్‌లో బోలెడు వరసలు పడతాయి, భయపడకు. అందులో 407 అనే అంకె ఉంటే ప్రాక్సీ నీ పేరు అడుగుతోందని. పని అయ్యాక ఆ టిక్ తీసేయ్, లేకపోతే లాగ్ నిండిపోతుంది. ఆ వరసలు ఎక్కడైనా పెట్టేముందు నీ పాస్‌వర్డ్, ఖాతా తాళం లాంటివి కనబడకుండా చూసుకో.

ఇంకోమాట, ఇది అక్కగా చెబుతున్నాను. కాలేజీ నెట్, హాస్టల్ కరెంటు నీవి కావు. వార్డెన్‌ని గానీ ల్యాబ్ ఇన్‌చార్జిని గానీ అడిగి మొదలుపెట్టు. మా ల్యాబ్‌లో నేను రాతపూర్వకంగా ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకున్నాకే పెట్టాను. అడిగితే వద్దంటారని అడగకుండా పెట్టినవాళ్లను చూశాను, ఆఖరికి అందరికీ ఆపేస్తారు.

పాత_ల్యాప్‌టాప్_గుంటూరు

మేడమ్ గారూ, నాదీ సర్టిఫికెట్ గొడవే, కానీ తేదీ సరిగ్గానే ఉంది, బ్రౌజరూ పనిచేస్తోంది. నాకు వచ్చే మాట ‘పీర్ సర్టిఫికెట్ కెనాట్ బి అథెంటికేటెడ్ విత్ గివెన్ సీఏ సర్టిఫికెట్స్’. అది కూడా ఒక ప్రాజెక్టుకే, రెండోది హాయిగా నడుస్తోంది. వెర్షన్ 7.14.2.

గాజువాక_ల్యాబ్

మీది వెర్షన్ జబ్బండీ. విండోస్‌లో బోయింక్ ఎవరిని నమ్మాలో తన సొంత జాబితా ఒకటి పెట్టుకుంటుంది, ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో సీఏ బండిల్ అనే ఫైలు. బ్రౌజర్ ఆ ఫైలు వాడదు, అందుకే అక్కడ బాగుంటుంది. 2021 సెప్టెంబర్ 30న చాలా సైట్లు ఆధారపడిన ఒక పాత మూల సర్టిఫికెట్‌కు కాలం చెల్లిపోయింది. ఆ రోజు నుంచి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు వాడే ప్రాజెక్టులు పాత బోయింక్‌లకు అందకుండా పోయాయి. వేరే చోట నుంచి తెచ్చుకున్న ప్రాజెక్టులు నడుస్తూనే ఉన్నాయి. మీకు ఒకటి పోయి ఒకటి నడవడం దానివల్లే అయ్యుండాలి. 7.16.20 నుంచి ఆ జాబితా సరిచేశారు. బోయింక్ సైట్ నుంచి కొత్త వెర్షన్ దించి పాతదాని మీదే వేసేయండి. పాతది తీసేయక్కర్లేదు, టాస్కులు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి ఎక్కడివక్కడే ఉంటాయి. అయినా మాస్టారికి చెప్పినట్టే ముందు ఆ ఫోల్డర్ కాపీ తీసుకోండి.

సర్టిఫికెట్ తనిఖీ ఆపేయమని సలహాలు కనబడతాయి. వద్దు. అవతల ఉన్నది నిజంగా ఆ ప్రాజెక్టేనా అని చూసే కాపలా అదొక్కటే. దాన్ని తీసేసి మన మిషన్‌లో ఎవరి ప్రోగ్రామో నడపడం నాకు సమ్మతం కాదు.

మెహిదీపట్నం_క్రంచర్

నేను సర్వర్ డౌన్ అని తొందరపడి చెప్పిన. సారీ సార్. రెండు రోజులు ఆగి ఉంటే మీ గడువుల రెండు రోజులు పోతుండె. ఆ రెండు వాక్యాల తేడా నాకు ఇన్నేండ్లల్ల తెల్వదు.

బోధన్_ఫిజిక్స్

అయింది. అయిందమ్మా! మేడమ్ అనడం కన్నా అమ్మా అనాలనిపిస్తోంది, మా పెద్దమ్మాయి ఈడు ఉంటారేమో మీరు.

నిన్న సాయంత్రం మీరు చెప్పిన వరస తప్పకుండా చేశాను. ఫోల్డర్ కాపీ అవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. బిళ్ల బజారులో వాచీల దుకాణంలో నలభై రూపాయలకు ఇచ్చారు. ఇనప నాలుక నా గోటికి లొంగలేదు, ల్యాబ్ నుంచి తెచ్చిన ప్లాస్టిక్ స్కేలు అంచుతో నొక్కితే టప్పున లేచింది. లోపల దుమ్ము చూస్తే ప్రాణం ఉసూరుమంది. పెయింటు బ్రష్షుతో అంతా దులిపాను, ఇప్పుడు ఫ్యాను చప్పుడు కూడా తగ్గింది.

తేదీ పెట్టి, బ్రౌజర్‌లో ఐన్‌స్టీన్ పేజీ తెరిచాను. వచ్చింది. అయినా బోయింక్ తెరిచేటప్పుడు చెయ్యి వణికింది, మొదటి ప్రయత్నమే నెగ్గాలన్నారు కదా. ‘రీట్రై నౌ’ కొట్టాను. ఒక్కొక్కటే పట్టీ నిండుతూ రెండేసి చొప్పున పోయాయి. లాగ్‌లో ‘ఫినిష్డ్ అప్‌లోడ్’ అని వరసగా పడుతుంటే మా ఆవిడను పిలిచి చూపించాను. తర్వాత ‘అప్‌డేట్’. ‘రిపోర్టింగ్ 6 కంప్లీటెడ్ టాస్క్స్’ అని ఒక్క వరస. గడువుకు ఇంకా నాలుగు రోజులుంది.

సైట్‌లో నా ఖాతా పేజీ ఇప్పుడే చూశాను. నాలుగింటికి ‘వాలిడేటెడ్’ వచ్చింది. రెండు ‘పెండింగ్’, అదే పని చేస్తున్న జోడీ కంప్యూటర్ ఇంకా పంపలేదట.

పాత బిళ్ల పారేయలేదు. స్కూల్లో మల్టీమీటర్ పెట్టి కొలిచాను. మూడు వోల్టులు ఉండాల్సింది 0.9 దగ్గర ఉంది. కొత్త దానికి పెట్టేముందే ఇంట్లో చూశాను, 3.2. రెండు అంకెలూ నోటుపుస్తకంలో రాసుకున్నాను. జూన్‌లో బడి తెరిచాక పదో తరగతికి విద్యుత్తు పాఠం వచ్చిన రోజు ఆ బిళ్ల జేబులో పెట్టుకుని వెళ్తాను.

హాస్టల్_312

సార్, కంగ్రాట్స్! అక్కా, 407 వచ్చింది. ప్రాక్సీ గడుల్లో రోల్ నంబర్ పెట్టలేదు ఇంకా. రేపు పొద్దున ల్యాబ్ ఇన్‌చార్జి సార్‌ని అడిగి, ఆయన సరే అంటే పెడతాను. ఏమన్నారో ఇక్కడే రాస్తాను.